పాత బాక్స్‌స్టర్‌కి కొత్త రోటర్లు: 2,900 డాలర్లు కట్టే ముందు

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాం. నా వయసు 46. రెండేళ్ళ కిందట 14,000 డాలర్లు పెట్టి 2001 మోడల్ పోర్షే బాక్స్‌స్టర్ ఎస్ కొన్నాను. శని, ఆదివారాల్లోనే బయటికి తీస్తాను. ఏడాదికి 2,500 మైళ్ళు కూడా తిరగదు. ఈమధ్య హైవే మీద 60 మైళ్ళ వేగంలో బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతోంది. డీలర్ నాలుగు రోటర్లూ (చక్రంతో పాటు తిరిగే బ్రేకు పళ్ళేలు), ప్యాడ్లూ (ఆ పళ్ళేలను నొక్కి ఆపే దిమ్మలు) మార్చడానికి 2,900 అడిగారు. వాళ్ళ కార్డు తీసుకుంటే 12 నెలలు వడ్డీ లేదన్నారు. పోర్షేలు చూసే ఒక బయటి మెకానిక్ అదే పనికి 1,500 అన్నాడు. ఆన్‌లైన్‌లో రంధ్రాలు, గాడులు వేసిన రోటర్లు ప్యాడ్లతో కలిపి 320కే దొరుకుతున్నాయి. అవి తెచ్చి నేనే బిగించుకుందామా అని ఉంది. ఒక స్నేహితుడేమో ఎలాగూ మారుస్తున్నావు కదా, పెద్ద బ్రేక్ కిట్ (ఇంకా పెద్ద రోటర్లు, క్యాలిపర్ల సెట్) వేయించెయ్ అంటున్నాడు. క్రెడిట్ కార్డు మీద ఇప్పటికే 3,800 బాకీ ఉంది. మా అమ్మాయి రెండేళ్ళలో కాలేజీకి వెళ్తుంది. కారు అమ్మేయమని మా ఆవిడ అంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఒక మాట. ఆ వణుకు సంగతి తేలేదాకా కారు హైవే మీదకి తీయకండి. ఖర్చు వాయిదా వేయడానికి దారులున్నాయి కానీ, బ్రేకుల తనిఖీ వాయిదా వేయకూడదు.

మీ ఉత్తరంలో నాలుగు ధరలున్నాయి, ఒక్క కొలత లేదు. నాలుగు రోటర్లూ మార్చాలని డీలర్ దేన్ని బట్టి చెప్పారు? మీ కారుకు ముందు రోటర్లు 318 మి.మీ. వ్యాసం, కొత్తగా ఉన్నప్పుడు 28 మి.మీ. మందం. అరిగి 26కి వస్తే మార్చాల్సిందే. వెనకవి 299 మి.మీ. వ్యాసం, 24 మి.మీ. మందం, 22 దాకా పనికొస్తాయి. ఈ కనీస మందం రోటర్ మీదే ముద్రించి ఉంటుంది. మైక్రోమీటర్‌తో కొలవడానికి పది నిమిషాలు చాలు. కొలిచి అంకెలు కాగితం మీద రాసిమ్మని అడగండి. అలా రాసివ్వని చోట పని చేయించుకోవద్దు.

స్టీరింగ్ వణికితే రోటర్ వంకర పోయిందని అందరూ అనేస్తారు. చాలాసార్లు ఇనుము వంగి ఉండదు. ప్యాడ్ పదార్థం రోటర్ మీద ఒకచోట మందంగా, ఒకచోట పల్చగా అంటుకుంటుంది. లేదా రోటర్ కూర్చునే హబ్ మీద తుప్పు పేరుకుని, రోటర్ కొద్దిగా పక్కకి ఊగుతూ తిరుగుతుంది. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే మీ ప్రాంతంలో, అందులోనూ రోజుల తరబడి కదలకుండా ఉండే కారుకు ఈ రెండోది బాగా జరుగుతుంది. హబ్ శుభ్రం చేయకుండా దాని మీదే కొత్త రోటర్ బిగిస్తే కొన్నాళ్ళకి మళ్ళీ అదే వణుకు. అప్పుడు 2,900 పెట్టినా, 320 పెట్టినా ఒకటే. పగుళ్ళు కూడా చూడమనండి. మీ ఎస్ మోడల్‌కి కంపెనీ నుంచే రంధ్రాల రోటర్లు వస్తాయి. రంధ్రం చుట్టూ వెంట్రుకంత సన్నని పగుళ్ళు కనబడడం మామూలే. పగులు ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రానికో, అంచుదాకానో పాకితే మాత్రం ఎంత మందం మిగిలి ఉన్నా ఆ రోటర్ పనికిరాదు.

రోటర్లు ఎప్పుడూ జతగా మార్చాలి. అంటే ముందువి రెండూ, లేదా వెనకవి రెండూ. నాలుగూ ఒకేసారి మార్చి తీరాలన్న నియమం లేదు. కొలతలో వెనకవి 23 మి.మీ. పైన ఉండి, పగుళ్ళు లేకపోతే, ఏడాదికి 2,500 మైళ్ళు తిరిగే కారుకు అవి ఇంకా చాలాకాలం వస్తాయి. అప్పుడు మీ 1,500 కాస్తా దాదాపు 750 అవుతుంది. ఆ మెకానిక్‌ని ముందు జతకు ఎంత, వెనక జతకు ఎంత అని విడివిడిగా కొటేషన్ అడగండి.

ఇక ఏ రోటర్ అన్నది. రోటర్ చేసే పనల్లా కారు వేగాన్ని వేడిగా మార్చి, ఆ వేడిని తనలో దాచుకుని మెల్లగా గాలికి వదలడం. దానికి కావాల్సింది మంచి పోత ఇనుము, తగినంత బరువు, మధ్యలో గాలి ఆడే సందులు. రంధ్రాలు వేస్తే ఆ మేరకు ఇనుము తగ్గుతుంది. వానలో మొదటి పట్టుకు కొంత సాయపడతాయి, చూడ్డానికి బాగుంటాయి, అంతే. రంధ్రాలున్నవే కావాలనుకుంటే జిమ్మర్‌మన్, సెబ్రో, బ్రెంబో లాంటి పేరున్న తయారీదారులవి తీసుకోండి. మీ చోటికి తుప్పు పట్టని పూత ఉన్నవైతే మేలు. ఆర్డరు వేసేటప్పుడు కారు విన్ నంబరు (ప్రతి కారుకీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) ఇవ్వండి. మామూలు బాక్స్‌స్టర్‌కి ముందు రోటర్లు 298 మి.మీ. పేరు ఒకటే అయినా అవి మీ కారుకు పట్టవు.

320 సెట్ వద్దు. ఎవరు పోత పోశారో, రంధ్రాలు ఎలా వేశారో తెలియని ఇనుము మీద ప్రాణం పెట్టలేం. నా పాత కారుకి ఒకసారి ఇలాగే చవకగా దొరికిన రోటర్లు వేయించాను. ఒక్క చలికాలానికే అంచులు పొరలు పొరలుగా లేచిపోయాయి. మళ్ళీ రోటర్లు, మళ్ళీ లేబర్. మొత్తం కలిపితే మొదటే మంచివి కొన్నదానికంటే ఎక్కువైంది. పైగా మీరు ఇదివరకు బ్రేకుల పని చేసినట్టు రాయలేదు. మీ కారు వెనక రోటర్ లోపల హ్యాండ్‌బ్రేక్‌కి వేరే బ్రేక్ షూలుంటాయి, రోటర్‌ని పట్టి ఉంచే స్క్రూలు తుప్పు పట్టి, తిప్పబోతే తల అరిగిపోతాయి, బోల్టులన్నీ లెక్క ప్రకారం టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. నేర్చుకోవాలన్న కోరిక మంచిదే. మొదటిసారి మాత్రం తెలిసినవాళ్ళ పక్కన నిలబడి నేర్చుకోండి. విడిభాగాలు మీరే తీసుకెళ్తే చాలామంది మెకానిక్‌లు పనికి వారంటీ ఇవ్వరు. అందుకే ఆ బయటి మెకానిక్ ద్వారానే తెప్పించుకోండి.

పెద్ద బ్రేక్ కిట్ మాట మర్చిపోండి. ఆ రోటర్లు చాలావరకు మీ మోడల్‌కి కంపెనీ ఇచ్చే 17 అంగుళాల చక్రాల్లో ఇమడవు. చక్రాలు మారిస్తే టైర్లు మార్చాలి. మీ కారుకు కంపెనీ ఇచ్చిన నాలుగు పిస్టన్ల క్యాలిపర్లు (ప్యాడ్లను రోటర్ మీదకి నొక్కే భాగాలు) ఊళ్ళో తిరగడానికి అవసరానికి మించే ఉన్నాయి. బ్రేక్ ఆయిల్ రెండేళ్ళకోసారి మార్చాలి. మీరు కొన్నాక మార్చకపోతే ఇప్పుడే మార్పించండి. ఆ కొద్ది డబ్బుతో వచ్చే భద్రత వేల డాలర్ల కిట్‌తో రాదు.

డీలర్ కార్డు గురించి నాకు నిజంగా భయంగా ఉంది. “12 నెలలు వడ్డీ లేదు” అనే ఇలాంటి కార్డుల్లో చాలావాటికి ఒక షరతుంటుంది. గడువులోగా మొత్తం తీర్చకపోతే, కొన్న రోజు నుంచి లెక్కగట్టి వడ్డీ అంతా ఒక్కసారిగా వేస్తారు. చివర్లో యాభై డాలర్లు మిగిలినా అంతే. గడువులో తీరాలంటే మీరు నెలకు 242 డాలర్లు తప్పకుండా కట్టాలి. అదే 2,900ని 24 శాతం వడ్డీ కార్డు మీద పెట్టి నెలకు 100 చొప్పున కడితే దాదాపు 44 నెలలు పడుతుంది. వడ్డీయే 1,480 డాలర్ల దాకా పోతుంది.

ఇప్పుడున్న 3,800 బాకీ చూడండి. మీ కార్డు వడ్డీ ఎంతో రాయలేదు కాబట్టి అదీ 24 శాతమే అనుకుంటున్నాను. నెలకు 76 డాలర్లు వడ్డీకే పోతోంది. ఏడాదికి 900 పైమాటే. అంటే ఏటా ఒక ముందు జత రోటర్లు మంచి మెకానిక్ చేత వేయించుకునేంత డబ్బు కారుకూ అందకుండా, అమ్మాయి చదువుకూ అందకుండా పోతోంది. ఈ ఇంట్లో ఖరీదైనది పోర్షే కాదండీ, ఆ కార్డు.

కాబట్టి బ్రేకుల పని చేతిలో ఉన్న డబ్బుతోనే చేయించండి. 750 అయితే ఈ నెల, వచ్చే నెల బయటి భోజనాలు, ప్రయాణాలు తగ్గించి సర్దుకోవచ్చు. కొలతల్లో నాలుగూ మార్చాల్సిందేనని తేలితే, 1,500 కూడేదాకా కారు గరాజ్‌లో ఉంచండి. వారాంతపు కారు మూడు నెలలు ఆగితే ఇల్లు ఆగదు. తర్వాత కార్డు బాకీ మీద పడండి. అది తీరాక నెలకు 150 చొప్పున ఒక వేరే సేవింగ్స్ ఖాతాలోకి ఆటోపే పెట్టండి. ఆ ఖాతా కారుకి మాత్రమే.

ఈ ఖాతా ఎందుకంటే, 14,000కి కొన్నా మీ కారు విడిభాగాలు పోర్షే ధరలోనే వస్తాయి. రోటర్ల కంటే పెద్ద ఖర్చు ఇంకోటి పొంచి ఉంది. 2000 నుంచి 2005 దాకా వచ్చిన బాక్స్‌స్టర్లలో చాలావాటికి ఇంజన్‌లోని ఐఎంఎస్ బేరింగ్ (లోపల తిరిగే ఇంటర్మీడియట్ షాఫ్ట్ అనే ఇరుసును మోసేది) బలహీనం. అది చెడితే ఇంజనే పోవచ్చు. పాత యజమాని మార్పించాడా, బిల్లు ఉందా అని వెతకండి. లేకపోతే, గేర్‌బాక్స్ దించి క్లచ్ మార్చే రోజు వచ్చినప్పుడు దాన్నీ మార్పించడానికి డబ్బు సిద్ధంగా ఉండాలి.

మీ ఆవిడ మాట తేలిగ్గా తీసుకోవద్దు. ఆవిడ అడుగుతున్నది ఈ కారు నెలకు నిజంగా ఎంత తింటోందని. ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్, రిపేర్లు కలిపి రెండేళ్ళ లెక్క ఇద్దరూ కూర్చుని రాయండి. కార్డు బాకీలో కారు వాటా ఎంతో కూడా అందులో వేయండి. ఆ లెక్క చూశాక అమ్మాలనిపించినా, బ్రేకులు బాగుచేశాకే అమ్మండి. బ్రేక్ వేస్తే వణికే కారును కొనేవాళ్ళు రిపేరు ఖర్చుకంటే ఎక్కువే తగ్గించి అడుగుతారు.

కొత్త రోటర్లు వేశాక మొదటి 150, 200 మైళ్ళు గట్టి బ్రేకులు వేయకుండా నడపండి. ప్యాడ్లు సర్దుకునేదాకా వేడెక్కిన బ్రేకుల మీద కాలు అలాగే నొక్కి సిగ్నల్ దగ్గర నిలబడకండి. మీరు చెప్పిన వణుకు చాలా కార్లలో అక్కడే మొదలవుతుంది.

ఈ శనివారం కొలిపించి నాలుగు అంకెలూ, ఆ కార్డు వడ్డీ శాతమూ రాసి పంపండి. వెనకవి 22కి దగ్గరగా ఉన్నాయని తేలితే, బాకీ తీర్చే నెలల్లో ఆ రెండో జత ఎక్కడ పడుతుందో కలిసి చూద్దాం.