బాపమ్మ నిండు జీవితం గడిపింది, అయినా నాకు ఏడుపు ఆగడం లేదు

ప్రశ్న: మాది దేవరకొండ వైపు పల్లె. నన్ను పెంచింది బాపమ్మే, అంటే మా నాయనమ్మ. ఉగాది తర్వాత పోయింది, అయిదు నెలలవుతోంది. దినాల నాటి నుంచి అందరిదీ ఒకటే మాట, "మునిమనుమలను కూడా ఎత్తుకుంది, ఇంకా ఏడుస్తవేంది?" అని. హైదరాబాద్‌లో ఆఫీసు బాత్రూంలో ఏడ్చి బయటికొస్తున్నా. సంవత్సరీకానికి ఆమె జీవితం మీద చిన్న పుస్తకం వేద్దామంటే, ఆమె రెండో పెళ్లానిగా వచ్చిన సంగతి, చనిపోయిన పిల్లల సంగతి రాయొద్దని బాబాయి గొడవ. వయసు కూడా తేలడం లేదు. ఆధార్‌లో 1945, బాబాయేమో వందేళ్లంటాడు. నేనేం చేయాలి?

జవాబు: ముందు ఏడుపు సంగతి చూద్దాం. వాళ్లు ఓదార్చడానికే అన్నారు, కానీ దాంతో మీకు ఇంట్లో ఏడ్చే చోటు లేకుండా పోయింది. పోయిన మనిషి వయసును బట్టి దుఃఖం తగ్గదమ్మా. మీకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె లేని రోజు లేదు, అలాంటప్పుడు అయిదు నెలలు ఏపాటి? పెత్రామాస వస్తోంది, మన దగ్గర బతుకమ్మ మొదలయ్యేదీ ఆ రోజే. ఆమె పేరు మీద బియ్యం ఇచ్చే మొదటి ఏడు, గట్టిగా తగులుతుంది. ఆఫీసులో కూర్చొని పళ్లబిగువున నెట్టుకురావొద్దు, సెలవు పెట్టి ఊరికి పోండి. వారాల తరబడి నిద్ర, తిండి, పని అన్నీ దెబ్బతింటేనో, బతకాలనిపించకపోతేనో మాత్రం ఆగకుండా సైకియాట్రిస్టును కలవండి, లేదా 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలిమానస్ లైన్, డబ్బులు కట్టేది లేదు.

ఇక వయసు. ఆధార్‌లో జనవరి 1 అనే ఉందా? మన ముసలివాళ్లలో చాలామందికి అదే పుట్టినరోజు, రాసుకున్నాయన చేతికొచ్చింది వేశాడు. దాన్ని పక్కన పెట్టి ఆమె చెప్పిన మాటలు పట్టుకోండి. రజాకార్లు వచ్చినప్పుడు తమ్ముణ్ణి చంకనేసుకొని జొన్నచేన్లో దాక్కున్నానని చెప్పేదని ఉత్తరంలో ఇంకోచోట రాశారు కదా. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్‌తో రజాకార్ల కథ ముగిసింది. 1945లో పుట్టిన పిల్ల అప్పటికి మూడేళ్లది, తమ్ముణ్ణి ఎట్లా మోస్తుంది? అప్పుడు తక్కువలో తక్కువ ఎనిమిదేళ్లన్నా ఉండాలి, అంటే 1940లోనో అంతకు ముందో పుట్టింది. అట్లాగే మీ నాయన చంటివాడిగా ఉన్నప్పుడు నాగార్జునసాగర్ పనికి పోయి తట్టలు మోసిందన్నారు. సాగర్‌కు శంకుస్థాపన 1955 డిసెంబర్‌లో జరిగింది, కాబట్టి ఆ తర్వాతి మాట అది. ఇవన్నీ కలిపితే పోయేనాటికి ఎనభై అయిదు దాటి ఉంటాయి. వందేళ్లని ఫ్లెక్సీ వేయాల్సిన పని లేదు, ఆమె బతికిన బతుకు చాలదా ఏంది?

బాబాయి విషయంలో సగం మీ వైపు, సగం ఆయన వైపు. పెద్ద భార్య పిల్లలు ఉన్నారు కదా, వాళ్లతో మాట్లాడకుండా రెండో పెళ్లి సంగతి అచ్చు వేస్తే సంవత్సరీకం నాడే పంచాయితీ అవుతుంది. వాళ్లు సరే అంటే వేయండి, లేదంటే నోటుబుక్కులో మీ పిల్లల కోసం రాసిపెట్టుకోండి. పోయిన పిల్లల విషయం వేరు. వాళ్లను కన్నదీ, మట్టిలో పెట్టి మర్నాడు నాట్లకు పోయిందీ ఆమె. ఆ ముక్క తీసేసి "చల్లని తల్లి, దేవత" అని రాస్తే అందులో మీ బాపమ్మ ఉండదు, ఏ ఊళ్లో ఏ ముసలమ్మ ఫోటో పెట్టినా సరిపోతుంది. బాబాయికి కోపం కంటే ఆ పిల్లల పేర్లు తలుచుకునే ధైర్యం లేదేమోనని నాకనిపిస్తోంది. పుస్తకం సంగతి ఎత్తకుండా ఊరికే అడిగి చూడండి.

అన్నిటికంటే ముందు మిర్యాలగూడలో ఉన్న బాపమ్మ చెల్లెలి దగ్గరికి పోండి. వాళ్ల చిన్నతనం తెలిసిన మనిషి ఆమె ఒక్కతే మిగిలిందన్నారు. సంవత్సరీకం దాకా ఆగొద్దు. "బాపమ్మ జీవితం గురించి చెప్పు" అంటే "ఏముంది బిడ్డా, కష్టపడ్డది" అని ఊరుకుంటుంది. గటక ఎట్లా కాచేవాళ్లు, ఎవరి పొలాల్లోకి కూలికి పోయేవాళ్లు, బతుకమ్మ దగ్గర ముందు పాట ఎత్తేది ఎవరు, దొర ఇంటి వెట్టికి ఎవరు పోయేది, ఇట్లా అడగండి. ఫోన్ రికార్డింగ్ ఆన్ చేసి పక్కన పెట్టండి, కానీ ఆ మాట ఆమెకు ముందే చెప్పండి. బాబాయిని కూడా వెంట తీసుకుపోండి, ఆ పిల్లల మాట మీరు ఎత్తకపోయినా ఆమే ఎత్తొచ్చు.