టండ్రా వాగును జులైలో కొలిస్తే తెలిసేది సగమే

"నేలంతా గడ్డకట్టి ఉండే ఆర్కిటిక్ టండ్రాలో వాగులు ఎలా పారతాయి? ఆ నీళ్లలో ఏముంటుంది?" అని అడిగారు. పారడం సంగతి తేలికే. అలాస్కాలో బ్రూక్స్ పర్వతాలకు ఉత్తరాన ఉన్న ఇమ్నావెయిట్ వాగునే తీసుకోండి. అడుగున పర్మాఫ్రాస్ట్, అంటే ఏళ్ల తరబడి కరగకుండా గడ్డకట్టి ఉండే నేల, అందులోకి నీరు ఇంకదు. వేసవిలో కరిగేది పైనున్న 25 నుంచి 100 సెంటీమీటర్ల మట్టి మాత్రమే. వాగుకు నీళ్లు అందులోంచే రావాలి.

అసలు పేచీ ఎప్పుడు కొలవాలన్న దగ్గర. ఎండ కాసే జులైలో నాలుగు సీసాలు నింపుకొచ్చి "టండ్రా నీటి రసాయనం" అని రాసేసేవాళ్లకు కొదవ లేదు. మే నెలలో మంచు కరిగే వారం పది రోజుల్లోనే ఏడాది ప్రవాహంలో సుమారు సగం వెళ్లిపోతుంది. అది వదిలేసిన లెక్క నా దృష్టిలో లెక్కే కాదు.

అప్పుడు కొలవడం కష్టమే, కాదనను. వాగు అడుగున ఇంకా ఐసు ఉంటుంది, నీళ్లు దాని మీదుగా పోతాయి. సెన్సర్ చూపే నీటి మట్టాన్ని, మట్టాన్ని బట్టి ప్రవాహం చెప్పే వేసవి పట్టికలో పెట్టి చూస్తే లేని వరద కనిపిస్తుంది. అందుకే ఉప్పు పద్ధతి: వేసిన ఉప్పు ఎంత పలచబడిందో చూసి ప్రవాహం లెక్కగట్టడం. తూచిన ఉప్పును బకెట్లో పూర్తిగా కరిగించి ఒక్కసారిగా పోయాలి. చల్లటి నీళ్లలో త్వరగా కరగదు, పలుకు మిగిలితే లెక్క చెడుతుంది. దిగువన కండక్టివిటీ మీటరు (నీటిలో విద్యుత్తు ఎంత పారుతుందో, అంటే ఉప్పు ఎంతుందో చూపేది) అంకె పెరిగి, మళ్లీ మొదటి స్థాయికి దిగేదాకా కదలకూడదు. కొంత ఉప్పునీరు మంచు గుజ్జులో చిక్కుకుని ఆలస్యంగా వస్తుంది. చలికి ఓర్వలేక ముందే మీటరు తీసేస్తే ప్రవాహం ఉన్నదానికంటే ఎక్కువ తేలుతుంది.

ఇక రసాయనం. మంచులోని లవణాలు మొదటి కరుగునీటితోనే బయటపడతాయి. ఆ వెంటనే కింది మట్టి ఇంకా గడ్డకట్టి ఉండటంతో నీళ్లు పైనున్న పీట్ (సగం కుళ్లిన మొక్కల) పొరలోంచే జారతాయి, కర్బనం ఎక్కువై పలచటి టీ రంగుకు తిరుగుతాయి. ఆగస్టుకల్లా కరుగు లోతు పెరిగి నీళ్లు ఖనిజపు మట్టిని తాకుతాయి. కర్బనం తగ్గి కాల్షియం లాంటివి పెరుగుతాయి.

సీసాల విషయంలోనూ అశ్రద్ధే. వాగు దగ్గరే 0.45 మైక్రాన్ ఫిల్టరులో వడకట్టాలి. లోహాల సీసాలో నైట్రిక్ ఆమ్లం వేయాలి, నైట్రేట్ చూడాల్సిన సీసాలో చచ్చినా వేయకూడదు. కర్బనం సీసాలో హైడ్రోక్లోరిక్ వేసి చల్లగా ఉంచాలి. దాన్ని గడ్డకట్టిస్తే గోధుమరంగు పదార్థం ముద్దకట్టి అడుగున చేరుతుంది, తర్వాత ఎంత కుదిపినా పూర్తిగా కరగదు.