కథ మీద పత్రం రాస్తున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం, దానితో పంపిన చిత్తుప్రతి అందాయి. చిన్న కథల్లో ఇతివృత్తం అనే విషయం మీద సదస్సులో పత్రం సమర్పించాలనుకుంటున్నావని, అందుకు ఫ్రెంచి రచయిత మొపాసా 1884లో ప్రచురించిన ‘నెక్లెస్’ కథను ఎంచుకున్నావని, రెండు పేజీలు రాశాక కలం ముందుకు సాగడం లేదని రాశావు. ఆ రెండు పేజీలూ శ్రద్ధగా చదివాను. వాక్యం మీద నీకు మంచి పట్టు ఉంది. కలం ఆగిపోవడానికి కారణం నీ శక్తి చాలకపోవడం కాదు. మొదటి వాక్యంలోనే చెప్పవలసినదంతా అయిపోవడం.

‘ఈ కథకు ఇతివృత్తం దురాశ’ అని మొదలుపెట్టావు. దురాశ అన్నది ఆ కథ ఏ ప్రాంతంలో తిరుగుతుందో చెప్పే పేరు మాత్రమే. ఆ ప్రాంతంలో కథ ఏం కనిపెట్టిందో ఆ ఒక్క మాట చెప్పదు. రెండో పేజీలో ‘దురాశ దుఃఖానికి చేటు’ అన్న సామెతను తెచ్చి, అదే కథాసారం అన్నావు. ఆ సామెత ఈ కథ చదవని వాళ్లకు కూడా తెలుసు కదా. కథను చదివితే తప్ప తెలియని సంగతి ఏదో అది నీ పత్రంలో ఉండాలి. పైగా అది, అదే కథను నీ అంత శ్రద్ధగా చదివిన మరొకరు ‘నేను ఒప్పుకోను’ అనడానికి వీలున్న మాటగా ఉండాలి. ఎవరూ కాదనలేని మాటకు వాదన అక్కర్లేదు, వాదన అక్కర్లేని చోట పత్రమూ అక్కర్లేదు.

రష్యన్ రచయిత చెహోవ్ 1888లో తన ప్రచురణకర్త సువోరిన్‌కు రాసిన ఒక ఉత్తరంలో, సమస్యను పరిష్కరించడం వేరు, సమస్యను సరిగ్గా ముందు పెట్టడం వేరు, కళాకారుడి బాధ్యత రెండోదే అంటాడు. విమర్శ రాసేవాళ్లు కూడా ఈ మాటను దగ్గర ఉంచుకోవాలి. కథ ఏ నీతి చెప్పింది అని అడిగితే సామెత దొరుకుతుంది. కథ ఏ ప్రశ్నను మన ముందు పెట్టింది అని అడిగితే వాదన దొరుకుతుంది.

ఇక పని ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాను. విమర్శ గ్రంథాలు ఇప్పుడే తెరవవద్దు. కథను మాత్రమే దగ్గర పెట్టుకుని, పెన్సిలుతో, ఏకబిగిన చదువు. చిన్న కథ ఏకబిగిన చదవగలిగినదై ఉండాలని, అందులో ప్రతి మాటా ముందే అనుకున్న ఒకే ప్రభావం వైపు నడవాలని 1842లో అమెరికన్ రచయిత ఎడ్గార్ అలన్ పో ఒక సమీక్షలో రాశాడు. కథలన్నీ ఆ సూత్రానికి లొంగవు, నేనూ దాన్ని పూర్తిగా ఒప్పుకోను. కానీ చదివేవారికి దానివల్ల ఒక క్రమశిక్షణ అలవడుతుంది: ఇంత చిన్న చోటులో రచయిత ఈ వాక్యానికి చోటెందుకు ఇచ్చాడు అని ప్రతి వాక్యం దగ్గరా అడగవచ్చు. నీ అభిప్రాయాన్ని బలపరిచే వాక్యాల కింద గీతలు గీయడం అందరూ చేసేదే. నువ్వు మాత్రం ముందుగా నీ అభిప్రాయంలో ఇమడని వాక్యాలను గుర్తించు. వాటిని విడిగా ఒక కాగితం మీద, పేజీ సంఖ్యతో సహా, ఉన్నది ఉన్నట్టు రాసుకో. నా అనుభవంలో మంచి వాదనలన్నీ ఆ కాగితం నుంచే పుట్టాయి.

నీ కథలోనే చూద్దాం. దురాశ అనుకుంటూ చదివితే మొదటి పేరాలు నీ పక్షాన్నే నిలుస్తాయి. కథానాయిక మతిల్ద్ తనకు లేని సంపద గురించి కలలు కంటుంది, ఉన్న ఇంటిని చూసి బాధపడుతుంది, విందుకు వేసుకునే గౌను కోసం భర్త తుపాకీ కొనుక్కుందామని దాచుకున్న 400 ఫ్రాంకులు తీసుకుంటుంది, స్నేహితురాలి దగ్గర నగ అరువు తెచ్చుకుంటుంది. నువ్వు ఇవన్నీ చక్కగా ఎత్తి రాశావు. అయితే నగ పోయిన తర్వాత జరిగిన ఒక చిన్న సంగతిని ఒక్క ముక్కలో దాటేశావు. రోజంతా వెతికి వట్టి చేతులతో తిరిగి వచ్చిన భర్త, నగ కొక్కెం విరిగిందని, బాగు చేయిస్తున్నామని స్నేహితురాలికి ఉత్తరం రాయమంటాడు. అలా చేస్తే కాస్త వ్యవధి దొరుకుతుందంటాడు. అతను చెబుతూ ఉంటే ఆమె రాస్తుంది. కథలో మొదటి అబద్ధం ఇదే. అది పుట్టింది నగల కోసం కలలు కన్న భార్య నోట కాదు, ఉన్నదానితో సంతృప్తిపడే గుమాస్తా అయిన భర్త నోట. కథ దురాశకు శిక్ష మాత్రమే అయితే ఈ అబద్ధాన్ని రచయిత అతనితో ఎందుకు చెప్పించాడు?

ఇక్కడ ఆగి మరో మూడు చోట్లు చూడు. భార్యాభర్తలు 36,000 ఫ్రాంకులు పెట్టి అలాంటి నగే కొంటారు. అందులో సగం భర్తకు తండ్రి వదిలి వెళ్లిన డబ్బు, మిగతా సగం అప్పు. నగను తిరిగి ఇచ్చినప్పుడు, స్నేహితురాలు పెట్టె తెరిచి చూస్తుందేమో, తనను దొంగ అనుకుంటుందేమో అని మతిల్ద్ భయపడుతుంది. ఆమె పెట్టె తెరవదు. పదేళ్ల చాకిరీతో అప్పంతా తీరిపోయాక, వీధిలో అదే స్నేహితురాలు కనబడినప్పుడు, ఇప్పుడు చెల్లించేశాను కనక అంతా చెప్పేస్తాను, ఎందుకు చెప్పకూడదు అనుకుంటుంది మతిల్ద్. ఆ ‘కనక’ మీద నీ పెన్సిలు ఆగాలి. నిజం చెప్పే అర్హత అప్పు తీర్చాకే వచ్చిందని ఆమె అనుకుంటోంది. చెప్పిన మరుక్షణమే, అసలు నగ నకిలీదని, మహా అయితే 500 ఫ్రాంకులు చేస్తుందని తెలుస్తుంది. ఆనాడే నిజం చెప్పి ఉంటే తీరిపోయే బాకీ అది.

ఇప్పుడు నీ మొదటి వాక్యం మారుతుంది. ‘ఈ కథలో మతిల్ద్ జీవితాన్ని కూల్చింది నగ మీది కోరిక కన్నా, తమకన్నా పై మెట్టు మీద ఉన్న మనిషి ముందు పోయిందని చెప్పుకోలేని బిడియం, ఆ బిడియంలో భార్యతోపాటు భర్తకూ వాటా ఉంది’ అని రాయవచ్చు. ఇదే సరైన వాక్యమని నేను అనడం లేదు. ఇది కాదనడానికి వీలున్న వాక్యం. దీన్ని నిలబెట్టడానికి పత్రం మొత్తం అవసరమవుతుంది. నీకు వేరే వాక్యం తట్టితే దానినే పట్టుకో, కానీ ఈ పరీక్షకు నిలిచేలా చూడు.

ఈ వాదనకు అడ్డం వచ్చే చోట్లు కూడా కథలోనే ఉన్నాయి, వాటిని దాచిపెట్టవద్దు. పదేళ్ల కష్టం చెప్పాక కథకుడు, ఆ నగ పోకపోయి ఉంటే ఏమయ్యేదో ఎవరికి తెలుసు అంటాడు. మనిషి చెడడానికైనా బాగుపడడానికైనా ఎంత చిన్న సంగతి చాలునో అని ఆశ్చర్యపోతాడు. దీన్ని చూపించి, ఈ కథ విధి గురించినదని ఎవరైనా అనవచ్చు, ఆ అనడంలో బలం ఉంది. నువ్వు ఆ వాక్యాన్ని నీ పత్రంలోకి నువ్వే తెచ్చుకోవాలి. తెచ్చాక ఇంకొంచెం దగ్గరగా చూడు: కథకుడు ‘నగ పోకపోయి ఉంటే’ అని అడిగాడు గానీ, ‘నిజం చెప్పి ఉంటే’ అని అడగలేదు. ఆ రెండో ప్రశ్నను కథ ముగింపు పాఠకుడి చేత అడిగిస్తుంది. ఇది నీకు జవాబుగా పనికి వస్తుంది. ఎదుటివాదాన్ని బలహీనంగా చెప్పి ఓడించడం తేలిక. వినేవాళ్లకు అది వెంటనే తెలిసిపోతుంది. దాని పూర్తి బలంతో చెప్పి, ఆ తర్వాత ఎంతవరకు ఒప్పుకుంటున్నావో, ఎక్కడ విడిపోతున్నావో చెప్పు. కొంత ఒప్పుకోవడం వల్ల వాదన తగ్గిపోదు.

నీ దగ్గర సొంత వాక్యం ఒకటి తయారయ్యాకే గ్రంథాలయానికి వెళ్లు. ముందే వెళ్తే పెద్ద విమర్శకుల మాటలు నీ చూపును కమ్మేస్తాయి. చదివేటప్పుడు ప్రతి వ్యాసానికీ ఒక కాగితం కేటాయించి, పైన ఆ విమర్శకుడి ప్రతిపాదనను నీ సొంత మాటల్లో ఒక్క వాక్యంగా, కింద అతను చూపిన ఆధారాలను, అడుగున నీకు కలిగిన సందేహాన్ని రాసుకో. యథాతథంగా ఎత్తిన వాక్యాలకు అప్పటికప్పుడే ఉల్లేఖన చిహ్నాలు పెట్టు, లేకపోతే నెల తర్వాత ఏది నీ మాటో ఏది వాళ్ల మాటో నీకే తెలియదు. రచయిత జీవితం గురించి దొరికినదంతా ఆధారంగా వాడాలన్న ఆశ కలుగుతుంది. రచయిత ఉద్దేశం రచనకు కొలమానం కాదని అమెరికన్ విమర్శకులు విమ్సాట్, బియర్డ్‌స్లీ 1946లో గట్టిగా వాదించారు. నేను వాళ్లంత దూరం వెళ్లను. రచయిత ఉత్తరాలు, ఇంటర్వ్యూలు దారి చూపవచ్చు. కానీ ‘ఆయనే అలా అన్నాడు’ అన్న మాట కథలోని వాక్యానికి బదులుగా నిలబడదు.

అనువాదం సంగతి నీకు ప్రత్యేకంగా చెప్పాలి. చాలా ఏళ్ల కిందట నేను ఒక అనువాద కథ మీద పత్రం చదివాను. అందులో ‘నీడ’ అన్న మాట పదే పదే రావడాన్ని పట్టుకుని వాదన అంతా దాని మీద కట్టాను. చదవడం పూర్తయ్యాక ఒక పెద్దాయన లేచి, మూలంలో ఆ మాట ఒక్కసారే ఉందని, మిగిలినవి అనువాదకుడు చేర్చినవని నెమ్మదిగా చెప్పారు. ఆ రోజు నేను చెప్పదగిన జవాబు ఏదీ లేదు. అప్పటి నుంచి ఒక మాట మీద వాదన ఆధారపడినప్పుడు, మూలభాష రాకపోతే ఆ భాష వచ్చినవారిని అడిగి, కనీసం రెండు అనువాదాలు పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నాను. నీ కథ పేరే చూడు. ఫ్రెంచిలో అది ‘లా పారూర్’. ఆ మాటకు ఒక్క కంఠహారమనే కాక ఆభరణం, అలంకారం అన్న విశాలమైన అర్థం ఉంది. ‘నెక్లెస్’ అన్న పేరు మన కంటిని ఒక్క వస్తువు మీద నిలుపుతుంది, ‘అలంకారం’ అంటే గౌనూ, హోదా, పైకి కనిపించే తీరూ అన్నీ లోపలికి వస్తాయి. అలాగే ఆ పై వాక్యంలోని ‘కనక’ను కూడా మూలంతో సరిచూసుకున్నాకే పత్రంలోకి ఎక్కించు.

రెండో కథతో పోల్చాలనుకుంటున్నానని రాశావు. పోల్చు, కానీ నీ మాటకు తలూపే కథను కాక, దాన్ని ఇబ్బందిపెట్టే కథను తీసుకో. అమెరికన్ రచయిత్రి కేట్ షోపిన్ 1894లో ప్రచురించిన ‘ది స్టోరీ ఆఫ్ యాన్ అవర్’ పనికి వస్తుందనిపిస్తోంది. భర్త రైలు ప్రమాదంలో పోయాడని విన్న భార్య, గదిలో ఒంటరిగా కూర్చుని, తనకు స్వేచ్ఛ వచ్చిందని గ్రహిస్తుంది. చివరికి భర్త ప్రాణాలతో తిరిగి వస్తాడు, ఆమె కుప్పకూలి చనిపోతుంది. ఆనందం తట్టుకోలేక గుండె ఆగిందని వైద్యులు అంటారు. మొపాసా కథ చివర పాత్రకూ పాఠకుడికీ నిజం ఒకేసారి తెలుస్తుంది. ఇక్కడ పాఠకుడికి తెలిసిన నిజం మిగిలిన పాత్రలకు ఎప్పటికీ తెలియదు. చెప్పుకోని నిజం ఒక చోట పదేళ్లు తినేసింది, మరో చోట ఒక గంట జీవితాన్ని ఇచ్చింది. నీ ప్రతిపాదన ఈ రెండో కథ ముందు ఎంతవరకు నిలుస్తుందో చూసుకుంటే, దాని హద్దులు నీకే తెలుస్తాయి. సమయం చాలదనిపిస్తే రెండో కథను వదిలెయ్యి. ఒక్క కథను లోతుగా చూపిన పత్రానికి ఏ లోటూ లేదు.

సమర్పణ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. కథను మొత్తం తిరిగి చెప్పవద్దు, నాలుగైదు వాక్యాల్లో గుర్తు చేసి నీ ప్రతిపాదనలోకి వెళ్లు. ఉటంకించే వాక్యాన్ని నెమ్మదిగా రెండుసార్లు చదువు. చెవితో వినేవాళ్లు వెనక్కి వెళ్లి చూసుకోలేరు. ప్రతి ఉటంకింపు తర్వాత అందులో ఏ మాటను చూస్తున్నావో, ఎందుకు చూస్తున్నావో చెప్పు. వాక్యాన్ని వినిపించి ఊరుకుంటే అది ఆధారం కాదు, అలంకరణ మాత్రమే. ఇంట్లో గడియారం పెట్టుకుని, నిలబడి, గట్టిగా చదివి చూడు. సమయం మించితే ఉదాహరణలు తగ్గించు గానీ, ఎదుటివాదానికి ఇచ్చిన చోటు తగ్గించవద్దు. ప్రశ్నల సమయంలో నువ్వు ఆలోచించని కోణం ఎవరైనా ఎత్తితే, అది కథలో ఏ వాక్యం మీద ఆధారపడిందో వాళ్లనే అడిగి, ఆ వాక్యాన్ని అక్కడే తెరిచి అందరితో కలిసి చదువు. అందుకని కథ ప్రతిని, గుర్తులు పెట్టిన పేజీలతో, చేతిలోనే ఉంచుకో.

ప్రస్తుతానికి పత్రం రాయడం ఆపి, భర్త రాయించిన ఆ ఉత్తరం గురించి ఒక్క పేరా రాసి నాకు పంపు. దానితోపాటు, నీ అభిప్రాయంలో ఇమడని వాక్యాల కాగితం కూడా పంపు. ముందు ఆ కాగితమే చదువుతాను.

ఇట్లు,
మీ మామయ్య