గేమ్ చీట్లు అమ్మేవాడిపై కేసు నిలబడుతుందా? ముందు ఆ కోడ్ మీదేనని చూపించగలరా?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో చిన్న గేమ్ స్టూడియో. ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి, నాలుగేళ్లు కష్టపడి ఫోన్‌లో ఆడే షూటింగ్ గేమ్ తెచ్చాం. ఏడాదిన్నరగా ఒకతను ఓ మెసేజింగ్ యాప్ ఛానల్‌లో మా గేమ్‌కి 'మోడ్' అమ్ముతున్నాడు. నెలకు 300 రూపాయలు. అది వేసుకుంటే గోడ వెనకున్నవాళ్లు కూడా కనిపిస్తారు, గురి తనంతట తానే కుదురుతుంది. నిజాయితీగా ఆడేవాళ్లు విసిగి వెళ్లిపోతున్నారు. మా దగ్గర స్క్రీన్‌షాట్లు ఉన్నాయి. సర్వర్ లాగ్స్ (సర్వర్‌లో ఎవరు ఎప్పుడేం చేశారో నమోదయ్యే రికార్డులు) మాత్రం నెలకోసారి చెరిపేస్తాం. ఫ్రీలాన్సర్‌గా మా కోడ్ రాసిన మిత్రుడు, తర్వాతి అప్‌డేట్‌లో ఒక ఫైల్ పెట్టి మోడ్ వాడేవాళ్ల ఫోన్లు పనిచేయకుండా చేద్దామంటున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు, వేయాలి కూడా. కానీ కేసును తేల్చే ముక్క మీ ఉత్తరంలో లేదు. ఆ మోడ్ మీ గేమ్‌లో దేన్ని ముట్టుకుంటోంది? మీ ప్రోగ్రామ్‌నే కాపీ చేసి, మార్చి, కొత్త ఏపీకేగా, అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్ వేసుకునే ఫైల్‌గా, అమ్ముతున్నాడా? మీ సర్వర్‌కు దొంగ సమాచారం పంపుతోందా? లేక ఆడేవాడి ఫోన్ మెమరీలో కొన్ని విలువలు మార్చి ఊరుకుంటోందా?

ఈ తేడా ఎంత పెద్దదో సోనీకి యూరప్‌లో తెలిసింది. ప్లేస్టేషన్ పోర్టబుల్ గేమ్‌కు డాటెల్ అనే కంపెనీ అమ్మిన చీట్ సాఫ్ట్‌వేర్‌పై సోనీ జర్మనీలో ఏళ్ల తరబడి పోరాడింది. 2024 అక్టోబర్ 17న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం, కోడ్‌ను మార్చకుండా ఆట నడుస్తున్నప్పుడు మెమరీలోని విలువలు మాత్రమే మారిస్తే అది ప్రోగ్రామ్ కాపీరైట్ ఉల్లంఘన కాదంది. ఆ తీర్పు మన కోర్టులను కట్టిపడేయదు. అయినా అవతలి వకీలు మొదటి వాయిదాలోనే దాన్ని జడ్జి ముందు పెడతాడు.

మోడ్ ఏపీకే అయితే మీ చేయి బలంగా ఉంటుంది. మన కాపీరైట్ చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రామ్ సాహిత్య రచన కిందికే వస్తుంది. దాన్ని కాపీ చేసి, మార్చి అమ్మడం ఉల్లంఘన. సెక్షన్ 63 కింద మూడేళ్ల వరకు జైలు. ఈ నేరం కాగ్నిజబుల్ (పోలీసులు వారెంట్ లేకుండానే అరెస్టు చేయగలది) అని, నాన్ బెయిలబుల్ (బెయిల్ హక్కుగా దొరకనిది) అని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. సర్వర్‌ను ముట్టుకుంటే ఐటీ చట్టం 43, 66 సెక్షన్లు తోడవుతాయి. 5 కోట్ల వరకు నష్టపరిహారానికి రాష్ట్ర ఐటీ కార్యదర్శి ముందు, అంటే అడ్జుడికేటింగ్ ఆఫీసర్ దగ్గర, దరఖాస్తు వేయవచ్చు. మెమరీ ఒక్కదాన్నే తాకితే దారి కష్టం. ఆటగాళ్లు మీ షరతులు ఉల్లంఘించేలా పురిగొల్పాడని వాదించాల్సి ఉంటుంది.

ఫిర్యాదులో మోసం సెక్షన్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. రిలయన్స్ హ్యాండ్‌సెట్లలోని ప్రోగ్రామ్‌ను మార్చారన్న కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2005లో ఐపీసీ 420 వగైరాలను కొట్టేసింది. కాపీరైట్ చట్టం 63, ఐటీ చట్టం 65 సెక్షన్ల కింద కేసును మాత్రం సాగనిచ్చింది.

ఇక మీ అజాగ్రత్త. కోడ్ రాసింది ఫ్రీలాన్సర్ అన్నారు. రాతపూర్వక బదిలీ పత్రం ఉందా? ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్‌కు, వేరే ఒప్పందం లేకపోతే, హక్కుదారు కంపెనీ. బయటివాడు రాసిచ్చిన కోడ్‌కు తొలి హక్కుదారు అతనే. డబ్బు చెల్లించిన బ్యాంకు రసీదుతో హక్కు మీకు రాదు. కాపీరైట్ చట్టం సెక్షన్ 19 ప్రకారం సంతకంతో కూడిన పత్రం కావాలి. అందులో కాలవ్యవధి రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారత్ అని చట్టమే అనుకుంటుంది. మీ ఆట విదేశాల్లోనూ ఆడతారు కాబట్టి రెండూ స్పష్టంగా రాయించండి. గతంలో జరిగిన ఉల్లంఘనలపై దావా వేసే హక్కు కూడా బదిలీ అవుతోందని చేర్చండి. అతను మిత్రుడిగా ఉండగానే ఈ పని పూర్తి చేయండి. ఇది లేకుండా వెళితే మీ దావా చీట్ దాకా రాకముందే పడిపోతుంది.

లాగ్స్ సంగతి ఇంకా బాధాకరం. 180 రోజుల లాగ్స్ ఉంచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. మీరు చెరిపేసింది మీ సాక్ష్యాన్నే. ఈ రోజే ఆపండి.

స్క్రీన్‌షాట్లు చాలవు. కంపెనీ ఖాతా నుంచి యూపీఐతో ఆ మోడ్ కొనండి. డబ్బు ఎవరి ఖాతాకు చేరిందో పోలీసులో కోర్టో బ్యాంకును అడిగినప్పుడు ఆ లావాదేవీ నంబరే అతని ఆచూకీ చెబుతుంది. కొనుగోలు మొత్తాన్ని ఇంకో ఫోన్‌తో వీడియో తీయండి. ఫైల్ దిగగానే దాని హాష్ విలువ (ఫైల్ మారలేదని చూపించే వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి, ఒరిజినల్‌ను ముట్టుకోకుండా భద్రపరచండి. ఒక కాపీని బయటి సాఫ్ట్‌వేర్ నిపుణుడికి ఇచ్చి, మీ కోడ్‌తో పోల్చి రిపోర్టు రాయించండి. డిజిటల్ సాక్ష్యంతో పాటు కోర్టుకు ఇవ్వాల్సిన భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్య చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్‌లో ఇప్పుడు రెండు భాగాలున్నాయి. ఒకటి ఆ పరికరం ఎవరి అధీనంలో ఉందో వారు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి. ఈ వివరాలు లేకపోతే ఏమవుతుందంటే, డెస్టినీ 2 అనే గేమ్ చీట్ల విషయంలో దాన్ని తయారుచేసిన బంగీ కంపెనీ అమెరికాలో మొదట వేసిన కాపీరైట్ ఆరోపణ చాలదని సియాటిల్ జడ్జి 2022లో తిప్పికొట్టారు. దాన్ని సవరించుకున్నాకే 2024లో జ్యూరీ 63,210 డాలర్లు ఇప్పించింది.

గడువు విషయానికొస్తే, నష్టపరిహారానికి ఉల్లంఘన తేదీ నుంచి మూడేళ్లు. పైన చెప్పిన కాపీరైట్, ఐటీ చట్టాల నేరాలకూ మూడేళ్లే. కాబట్టి సమయం దాటలేదు. కానీ తాత్కాలిక ఇంజంక్షన్ (కేసు తేలేదాకా అమ్మకం ఆపమనే ఆదేశం) అడిగినప్పుడు "ఏడాదిన్నర ఏం చేశారు?" అన్నదే జడ్జి మొదటి ప్రశ్న అవుతుంది. వెంటనే ఆపాల్సినంత అత్యవసరం ఉందని చూపించలేకపోతే కమర్షియల్ కోర్టుకు ముందు మధ్యవర్తిత్వానికి పంపుతారు.

మీ మిత్రుడి సలహా ఛస్తే పాటించకండి. అనుమతి లేకుండా ఒకరి ఫోన్‌ను చెడగొట్టే ఫైల్ పంపడం ఐటీ చట్టం కింద నేరం. అప్పుడు నిందితులు మీరు. ఆ ఫోన్‌లో బ్యాంకు యాప్ ఉంటుంది, పిల్లవాడి చదువు ఉంటుంది. ఆడేవాళ్లలో చాలామంది మైనర్లు. మైనర్‌తో చేసుకున్న ఒప్పందం చెల్లదని 1903 మోహరీ బీబీ కేసు నుంచీ స్థిరపడిన న్యాయం. ఎపిక్ గేమ్స్ 2017లో 14 ఏళ్ల పిల్లవాడిపై దావా వేస్తే, అతని తల్లి కోర్టుకు రాసిన లేఖలో ఇలాంటి అభ్యంతరమే లేవనెత్తింది. ఆటగాళ్ల ఖాతాలు నిలిపేయండి, అంతవరకే. కేసు అమ్మేవాడిపై.

వరుస ఇలా ఉండాలి. ముందు ఫ్రీలాన్సర్ సంతకం, తర్వాత కొనుగోలు, నిపుణుడి రిపోర్టు. అప్పుడు సైబర్ క్రైమ్ పోలీసులకు ఫిర్యాదు, హైదరాబాద్‌లోనే సివిల్ దావా. కాపీరైట్ చట్టం సెక్షన్ 62 వల్ల మీ వ్యాపారం ఉన్నచోటే వేయవచ్చు. ఛానల్ నడిపేవారి వివరాలు బయటపెట్టమని టెలిగ్రామ్‌ను ఢిల్లీ హైకోర్టు 2022లో ఆదేశించింది. అలాంటి ఆదేశమే మీరూ అడగండి. మోడ్ ఏపీకే అని తేలితే ఆ ప్లాట్‌ఫామ్‌కు కాపీరైట్ నిబంధనల కింద నోటీసు ఇవ్వవచ్చు. వాళ్లు 36 గంటల్లో ఆ లింకును ఆపాలి. కానీ 21 రోజుల్లో మీరు కోర్టు ఆర్డర్ తేకపోతే అది మళ్లీ తెరుచుకోవచ్చు. అందుకే దావా కాగితాలు సిద్ధమయ్యాకే నోటీసు పంపండి.