బయోస్ఫియర్-2 ఎందుకు ఫెయిలైంది? మా నాన్న మాట

అరిజోనాలో గాలి కూడా చొరబడకుండా మూసిన అద్దాల మేడ బయోస్ఫియర్-2 కట్టి, లోపల అడవి, ఎడారి, సముద్రం పెట్టి మనుషుల్ని ఉంచితే ఎందుకు కుదరలేదని అడిగారు. నేను ఉండేది ఫీనిక్స్‌లో. అమ్మానాన్న వచ్చినప్పుడు అందరిలా గ్రాండ్ కాన్యన్ చూపించకుండా ఒరాకిల్ అనే ఊరు తీసుకెళ్లి దీన్ని చూపించాను. అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

గైడ్ చెప్పేది నేను నాన్నకి తెలుగులో చెబుతున్నాను. 1991 సెప్టెంబరులో ఎనిమిది మంది లోపలికెళ్లారు, రెండేళ్లు ఉండాలి, కానీ 20.9 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ పదహారు నెలల్లో 14 చిల్లరకి పడిపోయింది, 1993 జనవరిలో బయటినుంచి ఎక్కించాల్సొచ్చింది. పంట బాగా రావాలని మట్టిలో కంపోస్టు దండిగా కలిపారట, అందులోని సూక్ష్మజీవులు ఆక్సిజన్ లాగేశాయట. నాన్న వెంటనే, "ఎరువు మాగకముందే వేసుంటార్రా" అన్నాడు. ఆయనకి ఈ శాతాలు తెలియవు గానీ, పెంటకుప్పలో చెయ్యి పెడితే ఎందుకు వేడిగా ఉంటుందో తెలుసు. గుంటూరు జిల్లాలో ఏ రైతుని అడిగినా ముందే చెప్పేవాడని నా నమ్మకం, మీరు ఒప్పుకోకపోయినా సరే.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ సూక్ష్మజీవులు వదిలిన కార్బన్ డయాక్సైడ్ మొక్కలకి అందితే ఆక్సిజన్ కొంత తిరిగొచ్చేది, కానీ కొత్త కాంక్రీటు గోడలు దాన్ని పీల్చేసుకున్నాయి. కొలంబియా యూనివర్సిటీ వాళ్లు తర్వాత కనిపెట్టారు.

అసలు ఫెయిల్ అనే మాటే నాకు నచ్చదు. తేనెటీగలు పోయి చీమలు, బొద్దింకలు రాజ్యమేలిన మాట నిజమే, కానీ తినే తిండిలో ఎక్కువ భాగం వాళ్లే పండించుకున్నారు, చిలగడదుంపలు తిని తిని ఒళ్లు నారింజ రంగుకి తిరిగిందట. యూట్యూబ్‌లో మాత్రం ఎనిమిది మంది రెండు ముఠాలై కొట్లాడుకున్నారన్నదే గంటసేపు చెబుతారు, మట్టి గురించి ఒక్కడూ మాట్లాడడు.

చివర్లో "లంగ్" (ఊపిరితిత్తి) అనే గుండ్రటి హాలుకి తీసుకెళ్లారు. పగటి వేడికి లోపలి గాలి పెరిగితే అద్దాలు పగలకుండా పైనున్న పెద్ద రబ్బరు పొర లేస్తుంది, రాత్రి దిగుతుంది. అక్కణ్ణుంచి బయటికి తలుపు తీయగానే గాలి ఒక్కసారి తన్నింది, నాన్న కండువా ఎగిరి ముందు నడుస్తున్న తెల్లాయన తలకి చుట్టుకుంది. అమ్మ ఫొటో తీసింది. ఊళ్లో అమెరికా గురించి ఎవరడిగినా నాన్న ఆ ఫొటోనే చూపిస్తాడు, అడవీ సముద్రం ఊసెత్తడు.