ఇంట్రాన్‌ను కత్తిరిస్తే జన్యువు పని ఎందుకు తగ్గుతుంది?

సికిల్ సెల్ వ్యాధికి 2023లో బ్రిటన్, అమెరికా అనుమతించిన కాస్జెవీ చికిత్సలో బీసీఎల్11ఏ జన్యువులోని ఇంట్రాన్‌ను, అంటే ప్రోటీన్ తయారీ సూచనలు లేని మధ్య భాగాన్ని, ఒకచోట కత్తిరిస్తారు. ఇంట్రాన్ ఎలాగూ స్ప్లైసింగ్‌లో (జన్యువు నకలైన ఆర్‌ఎన్‌ఏలో అక్కరలేని ముక్కలను తీసేసి మిగతావి అతికించే పనిలో) పోయేదే కదా, దాన్ని కత్తిరించి ప్రయోజనం ఏమిటని ఒకరు అడిగారు.

చిక్కంతా ఒక్కచోటే ఉందండీ. స్ప్లైసింగ్‌లో ఇంట్రాన్ పోయేది ఆర్‌ఎన్‌ఏ నుంచి. డీఎన్‌ఏలో అది ఎక్కడికీ పోదు. ఈ జన్యువు రెండో ఇంట్రాన్‌లో ఒక ఎన్‌హాన్సర్, అంటే జన్యువు పనిని పెంచే డీఎన్‌ఏ ముక్క, ఉంది. జన్యువు చదవడం మొదలయ్యే చోటుకు అది సుమారు 58 వేల బేస్‌ల (డీఎన్‌ఏ అక్షరాల) దూరంలో ఉన్నా, డీఎన్‌ఏ మెలిక తిరగడంతో ఆ మొదలయ్యే చోటున ఉండే ప్రమోటర్ దగ్గరకు చేరుతుంది. ఎర్ర రక్తకణాలుగా మారబోయే కణాల్లో గాటా1 అనే ప్రోటీన్ ఈ ఎన్‌హాన్సర్‌ను పట్టుకుంటేనే బీసీఎల్11ఏ ప్రోటీన్ దండిగా తయారవుతుంది. ఈ చికిత్సలో కత్తెరలా పనిచేసే క్యాస్9 ఎంజైమ్ తెంపేది సరిగ్గా గాటా1 పట్టుకునే ఆ కొద్దిపాటి బేస్‌ల వద్దే. కణం ఆ తెగిన చోటును అతికించుకునేటప్పుడు కొన్ని బేస్‌లు పోతాయి, లేదా కొత్తవి చేరతాయి. ఇక గాటా1కు అక్కడ పట్టు దొరకదు.

బీసీఎల్11ఏ మామూలుగా గర్భస్థ శిశువు హిమోగ్లోబిన్‌కు కావాల్సిన గామా గ్లోబిన్ జన్యువులను అణచి ఉంచుతుంది. అది తగ్గగానే ఆ హిమోగ్లోబిన్ మళ్లీ తయారై, ఈ వ్యాధిలో ఉండే లోపమున్న సికిల్ హిమోగ్లోబిన్ పోగుపడకుండా అడ్డుకుంటుంది.

మరి జన్యువునే నేరుగా పాడుచేయవచ్చు కదా అంటారేమో. రోగనిరోధక కణాలైన బి లింఫోసైట్లు ఏర్పడటానికీ, రక్త మూలకణాలకూ అదే ప్రోటీన్ కావాలి. ఈ ఎన్‌హాన్సర్ అవసరం మాత్రం ఎర్రకణాల వరుసకే. అందుకే మిగతా కణాల్లో బీసీఎల్11ఏ తయారీ యథాప్రకారం సాగుతుంది. ఈ చికిత్సలో నన్ను అన్నిటికంటే అబ్బురపరిచేది ఈ ఎంపికే.