జాబితా ఇంట్లో పెట్టి బయలుదేరండి

ఊరికి దూరంగా ఒక రైతు కుటుంబం పొలం పక్కనే పందిరి వేసి తాము పండించినవి అమ్ముతోందని విన్నామని, ఆదివారం పిల్లలతో వెళ్తున్నామని, ఏం చూసి కొనాలి, బేరం ఆడవచ్చా అని అడిగారు. అలాంటి ఒక దుకాణానికి నేను ఆరేళ్లుగా వెళ్తున్నాను. మొదట్లో చేయదగ్గ పొరపాట్లన్నీ చేశాను కాబట్టి చెప్పే అర్హత ఉందనే అనుకుంటున్నాను.

మొదటిసారి పన్నెండు రకాల కూరగాయలు రాసుకున్న చీటీతో మిట్టమధ్యాహ్నం చేరుకున్నాను. బల్ల మీద నాలుగు గుమ్మడికాయలు, కొన్ని వంకాయలు, తల వాల్చేసిన ఆకుకూర కట్టలు మిగిలాయి. "టమాటాలు లేవా అమ్మా?" అని అడిగాను. బల్ల వెనక కూర్చున్న పెద్దావిడ చిక్కుళ్లు ఒలవడం ఆపకుండానే మడి వైపు చూపించి, "ఇంకా పచ్చిగా ఉన్నాయి బాబూ, మూడు వారాలు ఆగాలి" అంది. ఏ కాలంలోనైనా అన్నీ దొరికే బజారుకు అలవాటు పడినవాడిని, చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

అందుకే నా మొదటి సలహా: జాబితా తీసుకెళ్లవద్దు, పొద్దున్నే వెళ్లండి, వెళ్లగానే "ఈ రోజు ఏమేం కోశారు?" అని అడగండి. వంట ఏమిటన్నది ఆ జవాబు విన్నాక నిర్ణయించుకోవచ్చు. గుమ్మడికాయకు తొందర లేదు, కోశాక కొన్నాళ్లు ఉంచితే కొన్ని రకాలకు తీపి పెరుగుతుంది కూడా. ఆకుకూరలు రాత్రంతా నీరు పీల్చుకుని తెల్లవారుజామున బిగువుగా ఉంటాయి, ఎండెక్కాక కోస్తే ఇంటికి వచ్చేసరికే వాడతాయి. స్ట్రాబెర్రీ కోశాక ఇక పండదు, తెల్లగా ఉన్న పండు ఎన్నాళ్లుంచినా తీపెక్కదు.

అన్నిటికంటే తొందరపెట్టేది తీపి మొక్కజొన్న. రెండోసారి వెళ్లినప్పుడు ఎనిమిది పొత్తులు కొని, వాటిని కారు డిక్కీలో పడేసి సాయంత్రం దాకా ఊళ్లు తిరిగాను. మర్నాడు ఉడికించి తింటే పిండి నమిలినట్టు ఉంది. తరువాతి వారం వెళ్లి, రకం బాగా లేదని ఆవిడకే ఫిర్యాదు చేశాను! ఎప్పుడు కొన్నారు, ఎక్కడ ఉంచారు, ఎప్పుడు తిన్నారు అని ఆవిడ వరుసగా అడుగుతుంటే తప్పు ఎవరిదో నాకే తెలిసిపోయింది. కోసిన పొత్తులో గింజలు బతికే ఉంటాయి, వాటిలోని చక్కెర పిండిపదార్థంగా మారుతూనే ఉంటుంది. పాతకాలపు రకాల్లో 30 డిగ్రీల వేడిలో ఒక్క రోజుకే సగానికి పైగా చక్కెర పోతుంది, 0 డిగ్రీల దగ్గర ఆ నష్టం చాలా స్వల్పం. ఈ మధ్య వచ్చిన మరీ తియ్యని రకాలు కొంత ఎక్కువ రోజులు నిలుస్తాయి. ఏ రకమో అడిగితే సంతోషంగా చెబుతారు. ఇంకో మాట, గింజలు చూద్దామని పొత్తు ఒలిచి చూడకండి. ఒలిచి వదిలేసిన పొత్తును తరువాత వచ్చినవారు ముట్టుకోరు. పైనుంచి వేలితో నొక్కితే గింజలు నిండాయో లేదో తెలుస్తుంది. పీచు కొస గోధుమరంగుకు తిరిగి, పొట్టు పచ్చగా, కోసిన చోట తడిగా ఉంటే చాలు.

కాబట్టి ఈ దుకాణాన్ని మీ తిరుగుడులో చివరి మజిలీగా పెట్టుకోండి. మూత ఉన్న పెట్టె, తడిపిన గుడ్డ వెంట ఉంచుకోండి. ఇంటికి రాగానే క్యారెట్, ముల్లంగి ఆకులు తుంచేయండి, లేకపోతే అవి దుంపలోని తేమ లాగేస్తాయి. దేన్నీ కడిగి దాచకండి, తడి ఉంటే కుళ్లు త్వరగా పట్టుకుంటుంది. టమాటాలను ఫ్రిజ్‌లో పెట్టకండి, 12 డిగ్రీల కంటే చల్లగా ఉంచితే వాటి వాసన, రుచి తగ్గుతాయి. గుడ్లు అమ్ముతుంటే కడిగినవో కడగనివో అడగండి. పెంకు మీద సహజంగా ఉండే పలుచని పొర కడిగితే పోతుంది, కడిగిన గుడ్లు ఫ్రిజ్‌లోనే ఉండాలి. తేనె కొంటే ఏడాది నిండని పసిపిల్లలకు మాత్రం పెట్టవద్దు.

బేరం సంగతి. నేను ఆడను. ఒకటి రెండు కిలోల దగ్గర తగ్గించమని అడగడం నాకు బాగోదు. ఎక్కువగా కావాలంటే సూటిగా చెప్పండి. "నిల్వ పచ్చడి పెట్టుకోవడానికి పది కిలోలు కావాలి" అంటే పగిలినవి, వంకరవి వేసిన గంప బల్ల కిందనుంచి బయటికి వస్తుంది. తక్కువకే ఇస్తారు, రుచిలో తేడా ఉండదు. కాకపోతే ఆ రోజే వండేయాలి.

చిల్లర తప్పక తీసుకెళ్లండి, పొలాల్లో ఫోనుకు సిగ్నల్ అందకపోవచ్చు. ఒక్కోసారి బల్ల దగ్గర ఎవరూ ఉండరు, డబ్బులు వేయడానికి ఒక డబ్బా మాత్రం ఉంటుంది. ఒకసారి నా దగ్గర డబ్బు కొంచెం తక్కువైతే, ఎంత బాకీయో చీటీ మీద రాసి అందులో వేశాను. మరుసటి వారం ఇవ్వబోతే ఆ చీటీ పందిరి గుంజకు మేకుతో కొట్టి ఉంది. ఆవిడ దాన్ని పీకి నా చేతిలోనే పెట్టింది.

నిజంగా వాళ్లు పండించినదేనా అన్న అనుమానం రావడం సహజమే. పండ్ల మీద స్టిక్కర్లు, చుట్టుపక్కల పొలాల్లో ఎక్కడా లేని పంట, ఒకే కొలతలో పోతపోసినట్టున్న కాయలు కనిపిస్తే ఎక్కడో టోకున కొని తెచ్చారేమో అనుకోవచ్చు. "సేంద్రియమేనా?" అని నిలదీయడం కంటే "పురుగుకు ఏం చల్లారు, ఎప్పుడు చల్లారు?" అని అడిగితే ఎక్కువ తెలుస్తుంది. సేంద్రియమని ధ్రువపత్రం తెచ్చుకునే స్తోమత చాలామంది చిన్న రైతులకు ఉండదు. ఆవిడైతే ఈ ప్రశ్నకు ఒకసారి నన్ను మడి దాకా తీసుకెళ్లి, ఆకు తిప్పి, పురుగును చూపించి మరీ జవాబు చెప్పింది.

రైతులు రమ్మంటే తప్ప పిల్లలను మళ్లలోకి వెళ్లనివ్వకండి. తీసిన గేటు వెంటనే మూయమని చెప్పండి. కంచెలో కరెంటు ఉండవచ్చు, తేనెపెట్టెలూ ఉండవచ్చు.

ఆదివారం అంటున్నారు కనుక ముందురోజు పెద్ద వాన పడితే మాత్రం ఫోను చేసి వెళ్లండి. బురదలో కోతకు దిగరు. నేను ఒకసారి నలభై కిలోమీటర్లు వెళ్తే పందిరి కింద కుక్క ఒక్కటే పడుకుని ఉంది. తల ఎత్తి నన్ను చూసి మళ్లీ పడుకుంది.